ఆంప్‌లో ఉన్న ఫ్యూజ్ మీ కారును కాపాడదు: శంషాబాద్ క్యాబ్‌లో సేఫ్ ఆడియో వైరింగ్ ఇలా చేశాం

ఒక చిన్న ప్రశ్నతో మొదలుపెడదాం. కార్ ఆంప్లిఫయర్‌కు ఒక పక్కన రంగురంగుల బ్లేడ్ ఫ్యూజ్‌లు ఉంటాయి కదా, అవి దేన్ని కాపాడతాయి?

ఎవరిని అడిగినా "మొత్తం సిస్టమ్‌ను" అంటారు. కానే కాదు. అవి కాపాడేది ఆంప్‌ను మాత్రమే. బ్యాటరీ నుంచి ఆంప్ దాకా కారు లోపల మూడు నాలుగు మీటర్లు ప్రయాణించే పాజిటివ్ వైర్ మధ్యలో ఎక్కడైనా ఒరుసుకుపోయి కారు బాడీకి తగిలితే, ఆ ఫ్యూజ్‌కు విషయం తెలియనే తెలియదు. ఎందుకంటే కరెంట్ అక్కడిదాకా రాదు. బ్యాటరీ నుంచి బయల్దేరి, తగిలిన చోటి నుంచే బాడీలోకి దిగిపోతుంది. ఆ వైర్‌ను కాపాడాలంటే ఇంకో ఫ్యూజ్ కావాలి, అదీ బ్యాటరీ పక్కనే ఉండాలి.

ఈ ఆర్టికల్ మొత్తం ఈ ఒక్క పాయింట్ చుట్టూనే తిరుగుతుంది. సౌండ్ క్వాలిటీ, బ్రాండ్ల పోలిక ఇంకోసారి చూద్దాం. ఈసారి పని వైర్లూ ఫ్యూజ్‌లూ మాత్రమే.

శంషాబాద్ క్యాబే ఎందుకు?

2008 మార్చిలో విమానాలు బేగంపేట నుంచి శంషాబాద్‌కు మారాయి. 2009 అక్టోబరులో మెహదీపట్నం నుంచి ఆరాంఘర్ దాకా 11.6 కిలోమీటర్ల పీవీ నరసింహారావు ఎక్స్‌ప్రెస్‌వే తెరిచారు. ఇటు 44వ నంబర్ జాతీయ రహదారి, అటు 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డు. ఈ రూట్లన్నీ కలిసే చోట పగలూ రాత్రీ క్యాబులే. ఎయిర్‌పోర్ట్ ట్రిప్ అంటే ఒకవైపు గంటకు పైగా డ్రైవింగ్, తర్వాత ఇంకో బుకింగ్ వచ్చేదాకా పార్కింగ్‌లో ఎదురుచూపులు. డ్రైవర్‌కు కారే ఆఫీసు, కారే హాలు, కారే మ్యూజిక్ రూమ్. ఆడియో సిస్టమ్ మీద ఇంత లోడ్ పడే చోటు ఇంకోటి దొరకడం కష్టం.

మా పిన్ని కొడుకు సాతంరాయిలో ఉంటాడు, డీజిల్ సెడాన్‌ను ఎయిర్‌పోర్టుకు తిప్పుతాడు. తన కారులో ఆంప్ పెట్టించాలనుకున్నాడు. డిక్కీలో ప్యాసింజర్ల సూట్‌కేసులు పట్టాలి కాబట్టి పెద్ద సబ్‌వూఫర్ బాక్స్ కుదరదు. అందుకే ముందు ప్యాసింజర్ సీటు కింద ఫోర్ చానల్ క్లాస్ డి ఆంప్, డ్రైవర్ సీటు కింద సన్నటి యాక్టివ్ సబ్‌వూఫర్ పెట్టాలని ప్లాన్. వైరింగ్ నన్ను చూడమన్నాడు. ఆన్‌లైన్‌లో కొన్న వైరింగ్ కిట్ ముందే తెచ్చి పెట్టుకున్నాడు.

"అన్నా, ఆంప్‌ల ఫ్యూజ్ ఉన్నదంటున్నరు గదా, మల్ల బ్యాటరీ కాడ ఇంకొకటెందుకు?" అని అడిగాడు.

జవాబుగా ముందు ప్యాసింజర్ సీటును ఒకసారి వెనక్కి, ఒకసారి ముందుకు జరిపి చూపించాను. క్యాబులో ఎక్కిన ప్రతి మనిషీ ఆ సీటును తన కాళ్లకు తగ్గట్టు జరుపుకుంటాడు. ఆ ఇనుప రైలు కింద పవర్ వైర్ నలిగిందనుకోండి, రోజుకు పదిసార్లు కత్తెరలో పెట్టి నొక్కినట్టే. ఏదో ఒక రోజు ప్లాస్టిక్ తెగుతుంది. రైలు బాడీకి బిగించి ఉంటుంది, బాడీ అంటే బ్యాటరీ నెగటివ్. అంటే డైరెక్ట్ షార్ట్. ఆ తెగిన చోటు ఆంప్‌కు ముందే ఉంది. ఇక ఆంప్‌లో ఉన్న ఫ్యూజ్ ఏం చేస్తుంది?

12 వోల్టులే కదా, ఏమవుతుంది?

12 వోల్టులు మనకు షాక్ కొట్టవు. అందుకే అందరికీ ధీమా. కానీ నిప్పు పుట్టడానికి వోల్టులు ఎక్కువ అక్కర్లేదు, కరెంట్ చాలు. స్టార్టర్ మోటార్‌ను తిప్పడానికి వందల ఆంపియర్లు ఇచ్చేలా కారు బ్యాటరీని తయారు చేస్తారు. షార్ట్ అయినా అంతే ధారాళంగా ఇస్తుంది. అది ఆంప్‌కు పోతోందా, సీటు రైలుకు పోతోందా అన్నది దానికి అనవసరం.

లెక్క కావాలంటే చూడండి. వైర్‌లో పుట్టే వేడి అంటే కరెంట్ స్క్వేర్‌ను రెసిస్టెన్స్‌తో గుణించడమే. 16 గేజ్ రాగి వైర్ రెసిస్టెన్స్ మీటరుకు దాదాపు 13 మిల్లీ ఓములు. 5 మీటర్లకు 66 మిల్లీ ఓములు. అందులో 40 ఆంపియర్లు పంపితే 100 వాట్లకు పైగా వేడి. అదే 4 గేజ్ వైర్ అయితే మీటరుకు 0.8 మిల్లీ ఓమే, అదే 40 ఆంపియర్లకు 5 మీటర్ల మొత్తం మీద 6.5 వాట్లే. పాట ఒకటే, ఆంప్ ఒకటే. ఒక వైర్ చల్లగా ఉంటుంది, ఇంకోటి కార్పెట్ కింద హీటర్ అవుతుంది.

ఎక్స్‌ప్రెస్‌వే మీదో, ఔటర్ మీదో కదులుతున్న కారులోంచి పొగలొచ్చాయన్న వార్తలు మనం చదువుతూనే ఉంటాం. చివర్లో "షార్ట్ సర్క్యూట్ అయి ఉండొచ్చని అనుమానం" అని ఒక ముక్క ఉంటుంది. ప్రతిదానికీ ఆడియో వైరింగే కారణమని అనలేం. కానీ మనం బయట వేయించిన వైరింగ్ వల్ల అలా జరగకుండా చూసుకోవడం మాత్రం పూర్తిగా మన చేతిలోనే ఉంది.

బాక్స్ మీద వాట్లు కాదు, ఫ్యూజ్ చదవండి

ఫోన్ కొనేటప్పుడు బాక్స్ మీద మెగాపిక్సెల్స్ చూసి మోసపోకూడదని మనందరికీ తెలుసు. కార్ ఆడియోలో ఆ పాత్ర "మ్యాక్స్ పవర్"ది. 3000 వాట్లు అని పెద్ద అక్షరాలతో రాసి ఉంటుంది. ఆంప్ పక్కకు తిప్పి చూస్తే రెండు 30 ఆంపియర్ల ఫ్యూజ్‌లు. 60 ఆంపియర్లను 13.8 వోల్టులతో గుణిస్తే 828 వాట్లు. ఇది లోపలికి వెళ్లగలిగే పవర్. క్లాస్ డి అయితే అందులో 80 శాతం దాకా, క్లాస్ ఏబీ అయితే సగం కంటే కాస్త ఎక్కువ స్పీకర్లకు చేరుతుంది. మిగతాదంతా వేడే. మరి 3000 ఎక్కడి నుంచి వచ్చింది? ప్రింటింగ్ ప్రెస్ నుంచి!

హెడ్ యూనిట్ కూడా అంతే. "50 వాట్లు ఇంటూ 4" అని రాసిన స్టీరియో వెనక 10 ఆంపియర్ల ఫ్యూజ్ ఉంటే, ఇంజిన్ ఆన్‌లో ఉండగా అది తీసుకోగలిగేదే మొత్తం 144 వాట్లు. తీసుకున్నదానికంటే ఎక్కువ ఇవ్వడం ఎవరివల్లా కాదు.

సో, మీ సిస్టమ్‌కు ఎంత కరెంట్ కావాలో తెలుసుకోవడానికి ఈజీ దారి ఇది: అన్ని యూనిట్ల మీద ఉన్న ఫ్యూజ్ రేటింగులు కలపండి. తమ్ముడి కారులో ఆంప్ మీద 30, సబ్‌వూఫర్ మీద 15. మొత్తం 45 ఆంపియర్లు. మన వైర్ దీనికి సరిపోవాలి.

బ్లేడ్ ఫ్యూజ్ రంగులు గుర్తుపెట్టుకుంటే నంబర్ చెరిగిపోయినా పని ఆగదు. 5 ఆంపియర్లకు లేత గోధుమ, 7.5కి ముదురు గోధుమ, 10కి ఎరుపు, 15కి నీలం, 20కి పసుపు, 25కి రంగు లేని పారదర్శకం, 30కి ఆకుపచ్చ.

కిట్ విప్పితే ఏం కనిపించింది?

తమ్ముడు తెచ్చిన కిట్ మీద 8 గేజ్ అని ఉంది. చూడటానికి వైర్ లావుగా, మెరుస్తూ, చాలా రిచ్‌గా ఉంది. చివర కొంచెం చెక్కి వెర్నియర్‌తో కొలిచాను. లోపలి తీగల కట్ట వెడల్పు సుమారు 3 మిల్లీమీటర్లే. నిజమైన 8 గేజ్ కట్ట 4 మిల్లీమీటర్లకు దగ్గరగా ఉండాలి. ఇది 10 గేజ్ సైజు. మిగతా లావంతా ప్లాస్టిక్ తొడుగే. ఒక తీగను బ్లేడుతో గీకితే పైన రాగి రంగు, లోపల తెల్లగా అల్యూమినియం.

దీన్ని సీసీఏ అంటారు. అంటే రాగి పూత వేసిన అల్యూమినియం. రాగితో పోలిస్తే దీనికి కరెంట్ మోసే గుణం 60 నుంచి 65 శాతమే. వాడకూడదని కాదు, రాగి కంటే రెండు సైజులు లావుగా తీసుకోవాలి. ఒక చిన్న జాగ్రత్త: గీకకముందే తెల్లగా కనిపించి, గీకితే లోపల రాగి రంగు వస్తే కంగారు పడకండి. అది తగరం పూత వేసిన రాగి, మంచిదే.

అసలు డేంజర్ కిట్‌లోని ఫ్యూజ్. ఆ సన్నటి వైర్‌కు ఇచ్చింది 80 ఆంపియర్ల గాజు ఫ్యూజ్! ఇప్పుడు ఏదో లోపం వల్ల ఆ వైర్‌లో 70 ఆంపియర్లు పారాయనుకుందాం. ఫ్యూజ్ లెక్కలో అంతా బాగానే ఉంది, అది పోదు. వైర్‌లో మాత్రం ఒక్కో మీటరుకు 25 వాట్ల వేడి పుడుతుంది. మన ఇళ్లలో వాడే చిన్న సోల్డరింగ్ ఐరన్ 25 వాట్లది. మీటరుకో సోల్డరింగ్ ఐరన్‌ను కార్పెట్ కింద ఆన్ చేసి పెట్టినట్టన్నమాట.

అందుకే రూల్ నంబర్ వన్: మెయిన్ ఫ్యూజ్ సైజు నిర్ణయించేది వైర్. ఆంప్ కాదు, బాక్స్ మీద వాట్లు అసలే కాదు.

సరైన సైజు ఎలా ఎంచుకోవాలి?

ఇక్కడ రెండు హద్దులు. మెయిన్ ఫ్యూజ్ మీ యూనిట్ల మొత్తం అవసరం కంటే తక్కువ ఉండకూడదు, వైర్ మోయగలిగినదానికంటే ఎక్కువ ఉండకూడదు. ఈ రెంటి మధ్య చోటు దొరక్కపోతే ఫ్యూజ్ పెంచకండి, వైర్ లావు పెంచండి.

స్వచ్ఛమైన రాగి వైర్, 5 మీటర్ల లోపు పొడవుకు నేను పాటించే లెక్కలు ఇవి:

• 8 గేజ్ (సుమారు 8.4 చదరపు మిల్లీమీటర్లు): 50 ఆంపియర్ల దాకా
• 4 గేజ్ (సుమారు 21 చదరపు మిల్లీమీటర్లు): 100 ఆంపియర్ల దాకా
• 0 గేజ్ (సుమారు 53 చదరపు మిల్లీమీటర్లు): 250 ఆంపియర్ల దాకా

మన ఎలక్ట్రికల్ షాపుల్లో వైర్‌ను చదరపు మిల్లీమీటర్లలోనే అమ్ముతారు కాబట్టి, గేజ్ అన్న మాట కంటే ఈ కొలత అడగడమే సేఫ్. గేజ్ అని కవర్ మీద ఎవరైనా రాసుకోవచ్చు.

తమ్ముడి కారుకు 45 ఆంపియర్లు కావాలి. అసలైన 8 గేజ్ రాగి వైర్ 50 మోస్తుంది. మెయిన్ ఫ్యూజ్ 50. లెక్క కుదిరింది. బ్యాటరీ నుంచి సీటు దాకా మూడున్నర మీటర్లు. 35 ఆంపియర్లు పారినప్పుడు వైర్‌లో పోయేది పావు వోల్టే.

ఇక్కడ ఫ్యూజ్ గురించి ఒక నిజం చెప్పాలి. 50 ఆంపియర్ల ఫ్యూజ్ 51 దగ్గర టక్కున పోదు. మామూలు బ్లేడ్ ఫ్యూజ్ స్టాండర్డ్ ప్రకారం రేటింగ్‌కు 110 శాతం కరెంట్‌ను గంటల తరబడి మోయాలి. 135 శాతం దగ్గర పది నిమిషాల దాకా టైమ్ తీసుకోవచ్చు. 200 శాతం దగ్గర మాత్రం 5 సెకన్లలోపు పోవాలి. అంటే ఫ్యూజ్ ఆలోచించుకునే ఆ కాసేపు వైర్ తట్టుకోగలగాలి. వైర్‌ను సరిగ్గా అంచు దగ్గర కాకుండా కొంచెం లావుగా తీసుకోమనేది ఇందుకే. పైగా మే నెలలో 40 డిగ్రీల ఎండలో పార్క్ చేసిన కారులో, ఇంజిన్ పక్కన, వైర్ పని మొదలుపెట్టేదే వేడి మీద.

పెట్టే చోటు: బ్యాటరీకి మూరెడు లోపే

మెయిన్ ఫ్యూజ్ బ్యాటరీ పాజిటివ్ టెర్మినల్ నుంచి 18 అంగుళాల లోపు, అంటే 45 సెంటీమీటర్ల లోపు ఉండాలి. మూరెడు అని గుర్తుపెట్టుకోండి. ఎంత దగ్గరైతే అంత మంచిది, ఎందుకంటే టెర్మినల్‌కూ ఫ్యూజ్‌కూ మధ్య ఉన్న ముక్కకు ఏ రక్షణా లేదు. మేం 20 సెంటీమీటర్ల దగ్గర పెట్టాం.

హోల్డర్ విషయంలో గాజు ఫ్యూజ్‌ది పక్కన పెట్టండి. గుంతల రోడ్ల మీద దాని స్ప్రింగ్ పట్టు వదులవుతుంది, వదులైన చోట వేడెక్కి ప్లాస్టిక్ కరుగుతుంది. బోల్టుతో బిగించే ఏఎన్‌ఎల్ లేదా మినీ ఏఎన్‌ఎల్ రకం తీసుకోండి. కోఠి పక్కన జాంబాగ్, పుత్లీబౌలి వైపు కార్ డెకార్ షాపులు వరసగా ఉంటాయి. అక్కడ "ఏఎన్‌ఎల్ హోల్డర్" అని అడిగితే చాలు. ఫోన్‌కు మంచి కవరూ టెంపర్డ్ గ్లాసూ కొనే ఖర్చులో వచ్చేస్తుంది.

రూల్ నంబర్ టూ: వైర్ సన్నబడిన ప్రతి చోటా మళ్లీ ఫ్యూజ్. మా ప్లాన్‌లో 8 గేజ్ వైర్ సీటు కిందికి వచ్చి రెండుగా చీలుతుంది. ఆంప్‌కు వెళ్లేది అదే 8 గేజ్, కాబట్టి మెయిన్ ఫ్యూజ్ దాన్నీ కాపాడుతుంది. సబ్‌వూఫర్‌కు వెళ్లేది సన్నటి 12 గేజ్. 50 ఆంపియర్ల ఫ్యూజ్ దీనికి చాలా పెద్దది. అందుకే చీలిన చోటే 15 ఆంపియర్ల ఫ్యూజ్ పెట్టాం. ఫ్యూజ్ ఉన్న డిస్ట్రిబ్యూషన్ బ్లాక్ కొంటే ఈ పని ఇంకా నీట్‌గా అవుతుంది.

పని ఎలా చేశామంటే

మొట్టమొదట బ్యాటరీ నెగటివ్ తీసేశాం. పాజిటివ్ ముందు తీస్తే స్పానర్ పొరపాటున బాడీకి తగిలి మెరుపు మెరుస్తుంది. ఎప్పుడూ నెగటివ్ ముందు తీయాలి, చివర్న బిగించాలి.

ఇంజిన్ నుంచి క్యాబిన్‌లోకి వచ్చే ఇనుప గోడ, అంటే ఫైర్‌వాల్, దగ్గర అసలు టెస్ట్. కంపెనీ వైర్లు వచ్చే రబ్బర్ గ్రోమెట్ గుండానే మన వైర్‌నూ తెచ్చాం. కొత్త రంధ్రం చేయాల్సి వస్తే దానికీ గ్రోమెట్ తప్పనిసరి. ఒట్టి రేకు అంచు కత్తితో సమానం. ఇంజిన్ వైబ్రేషన్‌కు అది వైర్‌ను రోజూ కొంచెం కొంచెం కోస్తుంది. ఇంజిన్ బేలో ఉన్న భాగం మొత్తానికీ ముడతల ప్లాస్టిక్ గొట్టం తొడిగి, జానెడుకో జిప్ టై వేశాం. ఎయిర్‌పోర్ట్ చుట్టుపక్కల ఖాళీ జాగాలు ఎక్కువ, ఎలుకలూ ఎక్కువే. పార్క్ చేసిన కార్ల వైర్లు కొరకడం వాటికి సరదా. గొట్టం ఉంటే కనీసం కొంత అడ్డు.

సీటు దగ్గర వైర్‌ను రైలుకు దూరంగా, కార్పెట్ కింద తీసుకొచ్చాం. సీటును పూర్తిగా ముందుకు, పూర్తిగా వెనక్కి జరిపి రెండుసార్లు చూశాం. సీటు కింద పసుపు రంగు కనెక్టర్లు కనిపిస్తే అవి ఎయిర్‌బ్యాగ్, సీట్ బెల్ట్ ప్రీటెన్షనర్లవి. వాటిని పీకకండి, టెస్టర్ పెట్టకండి, పవర్ వైర్‌ను వాటికి కట్టకండి.

కింద ఫ్లోర్‌లో డ్రిల్ వేసే ముందు కారు కిందికి వంగి చూడటం మర్చిపోవద్దు. ఇంధనం పైపు, బ్రేక్ పైపు అటే పోతాయి. సీఎన్‌జీ కార్లయితే గ్యాస్ పైపు కూడా. సీఎన్‌జీ సిలిండర్ ఉన్న డిక్కీలో ఆంప్ పెట్టకపోవడమే మంచిది. ఎలక్ట్రిక్ కార్లలో నారింజ రంగు కేబుల్స్ హై వోల్టేజ్‌వి, వాటి జోలికి అసలు వెళ్లకూడదు. మన పనంతా 12 వోల్టుల చిన్న బ్యాటరీ వరకే.

ఎర్త్ విషయానికొద్దాం. పాజిటివ్‌కు 8 గేజ్ వేసి నెగటివ్‌కు సన్నటి వైర్ వేయడం చాలాచోట్ల చూస్తాం. వెళ్లిన కరెంట్ అంతా తిరిగి రావాలి కదా, నెగటివ్‌కూ అదే సైజు ఉండాలి. పొడవు 45 సెంటీమీటర్ల లోపే. సీటు పక్కన బాడీ రేకు మీద పెయింట్‌ను ఎమ్రీ పేపర్‌తో గీకి, మెరిసే ఇనుము కనిపించాక లగ్గు పెట్టి పళ్ల వాషర్‌తో బిగించాం. పైన తుప్పు పట్టకుండా గ్రీజు రాశాం. సీట్ బెల్ట్ బోల్టు కింద మాత్రం ఎర్త్ పెట్టొద్దు, అది ప్రాణం కాపాడే బోల్టు. స్టార్ట్ స్టాప్ ఉన్న కొత్త కార్లలో బ్యాటరీ నెగటివ్ మీద సెన్సర్ ఉంటుంది. అక్కడ నేరుగా టెర్మినల్‌కు కాకుండా బాడీకే ఎర్త్ ఇవ్వాలి.

జాయింట్లు ఎక్కడా మెలిపెట్టి టేపు చుట్టలేదు. మన ఎండలకు ఆ టేపు జిగురు కరిగి నెలల్లోనే ఊడిపోతుంది. క్రింపింగ్ టూల్‌తో లగ్గులు నొక్కి, హీట్ ష్రింక్ వేశాం. ఆంప్‌ను ఆన్ చేసే సన్నటి రిమోట్ వైర్‌ను స్టీరియో వెనక నీలం తెలుపు వైర్ నుంచి తీసుకున్నాం, దానికీ 1 ఆంపియర్ చిన్న ఫ్యూజ్. స్టీరియో వెనక పసుపు అంటే ఎప్పుడూ ఉండే పాజిటివ్, ఎరుపు అంటే తాళం తిప్పితే వచ్చే పాజిటివ్, నలుపు ఎర్త్. బయట కొనే స్టీరియోల్లో ఎక్కువగా ఇవే రంగులు ఉంటాయి. అయినా మల్టీమీటర్ పెట్టి చూశాకే నమ్మండి. ఆంప్‌కు వెళ్లే సిగ్నల్ కేబుల్స్‌ను పవర్ వైర్‌కు ఎదుటి వైపు నుంచి తెస్తే ఇంజిన్ సౌండ్‌తో పాటు వచ్చే ఆ "కీయ్" అనే మోత చాలావరకు తగ్గుతుంది.

ఫ్యూజ్ చివర్న పెట్టండి, పరీక్షలు చేశాకే

ఆంప్‌కు వైర్ బిగించకముందే మల్టీమీటర్‌ను కంటిన్యుటీ మీద పెట్టి, పాజిటివ్ వైర్‌కూ కారు బాడీకీ మధ్య చూశాం. బీప్ రాకూడదు. సీటు జరుపుతూ మళ్లీ చూశాం. రాలేదు. అప్పుడు ఆంప్, సబ్‌వూఫర్ బిగించి, బ్యాటరీ నెగటివ్ పెట్టి, అన్నిటికంటే చివర్న మెయిన్ ఫ్యూజ్ బిగించాం.

ఇంజిన్ ఆన్ చేసి బేస్ ఎక్కువున్న పాట పెట్టి, బ్యాటరీ దగ్గరా ఆంప్ దగ్గరా వోల్టేజ్ చూశాం. 13.9, 13.6. తేడా అర వోల్టు దాటితే ఎక్కడో జాయింట్ వదులుగానో, వైర్ సన్నగానో ఉన్నట్టు. అరగంట వాయించాక ఫ్యూజ్ హోల్డర్‌ను, ఎర్త్ బోల్టును వేలితో తాకి చూశాం. గోరువెచ్చగా ఉంటే ఫర్వాలేదు, వేలు పెట్టలేనంత కాలితే ఆపేసి మళ్లీ బిగించాలి. నెల తర్వాత ఒకసారి అన్ని బోల్టులూ మళ్లీ చెక్ చేయండి. రాగి తీగలు సర్దుకుని పట్టు వదులవడం మామూలే.

వెయిటింగ్‌లో ఉండేవాళ్లకు, కారు వదిలి ఫ్లైట్ ఎక్కేవాళ్లకు

ఇంజిన్ ఆపి పాటలు వింటే కరెంట్ మొత్తం బ్యాటరీదే. సగటున 5 ఆంపియర్లు తాగే సిస్టమ్ మూడు గంటల్లో 15 ఆంపియర్ అవర్లు లాగేస్తుంది. 35 ఆంపియర్ అవర్ల చిన్న బ్యాటరీ అయితే దాదాపు సగం ఖాళీ. బుకింగ్ వచ్చేసరికి సెల్ఫ్ కొట్టదు.

ఇంకో సమస్య, రిమోట్ వైర్‌ను తప్పుగా ఎప్పుడూ ఉండే పాజిటివ్‌కు కలిపితే ఆంప్ నిద్రపోదు. ఊరికే ఉన్నా అర ఆంపియర్ లాగితే అదే బ్యాటరీ 70 గంటల్లో పూర్తిగా ఖాళీ. ఎయిర్‌పోర్ట్ పార్కింగ్‌లో కారు పెట్టి నాలుగు రోజులు టూర్ వెళ్లొస్తే సంగతేంటో ఊహించండి. లాక్ చేసిన కారు కాసేపటికి 50 మిల్లీ ఆంపియర్లకు మించి లాగకూడదు.

వర్షాకాలం సంగతి కూడా. 2020 అక్టోబరు వానలకు గగన్‌పహాడ్ దగ్గర అప్ప చెరువు తెగి జాతీయ రహదారి మీదికే వరద వచ్చింది. అంత కాకపోయినా, కారు ఫ్లోర్‌లోకి నీళ్లు వచ్చాయంటే సీటు కింద ఉన్న ఆంప్ ముందు తడుస్తుంది. అలాంటప్పుడు స్టార్ట్ చేయకుండా మెయిన్ ఫ్యూజ్ తీసేయండి. బ్యాటరీ పక్కన ఫ్యూజ్ ఉండటంలో ఇదో లాభం, మొత్తం ఆడియోను ఒక్క చోట ఆపేయొచ్చు.

ఫ్యూజ్ పోతే?

ఫ్యూజ్ పోయిందంటే అది తన పని తాను చేసిందని అర్థం. పెద్ద సైజు పెట్టడం, సిగరెట్ ప్యాకెట్‌లోని రేకు చుట్టడం, తీగ ముక్క పెట్టడం, ఇవన్నీ కాపలా మనిషిని ఇంటికి పంపేయడమే. కారణం వెతకండి, అదే సైజు ఫ్యూజ్ పెట్టండి. డ్యాష్‌బోర్డులో రెండు స్పేర్ ఉంచుకోండి.

ఇన్సూరెన్స్ కూడా చూసుకోండి. కంపెనీ ధరలో లేని ఎలక్ట్రికల్ ఫిట్టింగ్స్‌కు ఐఎంటీ 24 అనే అదనపు కవర్ ఉంది. వాటి విలువ మీద 4 శాతం ప్రీమియం. బిల్లులు దాచుకుని, పాలసీ రెన్యువల్ అప్పుడు ఆ ఫిట్టింగ్స్ గురించి చెప్పండి. కంపెనీ వైర్లు కోయకుండా, మీ మోడల్‌కు సరిపోయే కప్లర్ వాడితే వారంటీ గొడవ తగ్గుతుంది. ఒక కిలో ఏబీసీ పౌడర్ ఫైర్ ఎక్స్‌టింగ్విషర్‌ను సీటు దగ్గర పెట్టుకోండి, డిక్కీలో కాదు. పొగ వాసన వస్తే పక్కకు ఆపి, ఇంజిన్ ఆపి, అందరూ దిగి దూరంగా వెళ్లి 101కో 112కో ఫోన్ చేయండి. సామాన్ల కోసం మళ్లీ లోపలికి వెళ్లొద్దు.

మా వెర్డిక్ట్

షాపుకెళ్తే వాట్ల గురించి తర్వాత మాట్లాడండి. ముందు ఈ ఐదు ప్రశ్నలు అడగండి:

• వైర్ రాగిదా, సీసీఏనా? చివర గీకి చూపిస్తారా?
• ఎన్ని చదరపు మిల్లీమీటర్లు?
• మెయిన్ ఫ్యూజ్ ఎంత, బ్యాటరీకి ఎంత దూరంలో పెడతారు?
• ఫైర్‌వాల్ దగ్గర గ్రోమెట్ వేస్తారా?
• ఎర్త్ వైర్ కూడా అదే సైజా, పెయింట్ గీకి బిగిస్తారా?

"అవన్నీ ఎందుకు సార్, మేం రోజూ చేస్తున్నాం" అనే షాపు నుంచి మర్యాదగా బయటికి వచ్చేయండి. గీకి చూపించిన షాపుకు నాలుగు రూపాయలు ఎక్కువైనా ఇవ్వండి. ఇప్పటికే ఆంప్ పెట్టించుకున్నవాళ్లు మాత్రం ఇప్పుడే కిందికెళ్లి బానెట్ ఎత్తి, బ్యాటరీ పాజిటివ్ నుంచి వచ్చే ఆ లావాటి వైర్‌ను పట్టుకుని ఒక మూరెడు దూరం చూడండి. ఫ్యూజ్ కనిపిస్తే దాని మీద నంబర్ చదివి, వైర్‌తో సరిపోల్చుకోండి. కనిపించకపోతే ఫ్యూజ్ పెట్టేదాకా ఆ వైర్‌ను బ్యాటరీ నుంచి తీసేయండి. రెండు రోజులు పాటలు ఫోన్‌లో వినొచ్చు.